మూడో టేబుల్, ఆరింటి స్లాటు

ఆగస్టు 4

ప్లాస్టర్ అచ్చు గట్టిపడడానికి ఇరవై నిమిషాలు పడుతుంది. ఆ ఇరవై నిమిషాలూ ల్యాబ్‌లో గోడవంక చూస్తూ కూర్చుంటే ఆలోచనలు ఎక్కడెక్కడికో పోతున్నాయి. అందుకే ఈ నోటుబుక్కు. ఎవరికీ చూపించను. మా ఆయనకైతే అసలే చూపించను, చదివి చదివి నవ్వుతాడు.

పొద్దున్నే టేబుల్ టెన్నిస్ హాలుకి వెళ్ళాను. కోచ్ లెక్చరు మొదలుపెట్టాడు.

"అక్కా, పాప పదిహేను రోజులుగా రావట్లేదు. మూడో టేబుల్, ఆరింటి స్లాటు తన పేరు మీదుంది. నాలుగు వారాలు ఖాళీగా ఉంటే వెయిటింగ్‌లో ఉన్నవాళ్ళకి ఇచ్చెయ్యాలి. హాలు రూలు. నా చేతుల్లో లేదు."

"జ్వరం అనుకోండి."

"జ్వరమా?"

"కాదు."

"మరేంటి?"

అది తెలిస్తే ఇక్కడికెందుకు వస్తాను? "ఇంట్లో వాళ్ళు ఇంకెవరైనా వచ్చి ఆడితే స్లాటు ఉంటుందా?" అని అడిగాను. ఉంటుందట. కాకపోతే నెలాఖరు పోటీలో ఒక్క మ్యాచ్ అయినా ఆడాలట. "అయితే నేనే ఆడతాను" అన్నాను. ఆయన నా చెప్పులవంక చూశాడు. నాకు నలభై మూడేళ్ళు. ఆఖరిసారి పరుగెత్తింది బస్సు వెనకాల.

ఇంకో సంగతి కూడా చెప్పాడు. క్లబ్బు జట్టు పేర్లు సెప్టెంబరు ముప్ఫైన పంపించాలట. "అప్పటికి వస్తే తన పేరు రాస్తా. రాకపోతే నేనేం చెయ్యలేనక్కా."

మా ఆయనకి చెబితే, "కందకి లేని దురద కత్తిపీటకెందుకే?" అన్నాడు. ఇక్కడ కంద అంటే మా అమ్మాయి, పిచ్చుక. పదమూడేళ్ళు. పుట్టినప్పుడు గుప్పెడంత ఉందని ఆయనే పెట్టిన పేరు, అదే నిలిచిపోయింది. మూడేళ్ళ నుంచి తెల్లారకముందే లేచి బ్యాటు పట్టుకుని పరుగెత్తే పిల్ల, జూలై ఇరవైన సెమీఫైనల్లో ఓడిపోయి వచ్చి, బ్యాటు బీరువా మీద పెట్టేసింది. అంతే. ఓడిపోవడం దానికి కొత్తా?

ఆగస్టు 5

కుడి భుజం నొప్పి. ఎడమ తొడ కూడా. ఎడమ తొడతో ఏం చేశానో నాకే అర్థం కావడం లేదు.

ఆగస్టు 8

బ్యాటుని ఎవరికైనా షేక్‌హ్యాండ్ ఇస్తున్నట్టు పట్టుకోవాలట. చూపుడువేలు రబ్బరు వెనక, బొటనవేలు ముందు. గట్టిగా పట్టుకోకూడదు, వదులుగా వదిలెయ్యకూడదు. మరి ఎలా పట్టుకోవాలి? "పిచ్చుకని పట్టుకున్నట్టు" అన్నాడు కోచ్. ఆ మాట అన్నాక ఆయనే నాలిక కరుచుకున్నాడు.

నాలుగు రోజులుగా ఒకటే పని. బంతిని బ్యాటు మీద ఎగరేస్తూ నిలబడాలి. ఎరుపు వైపు ఒకటి, నలుపు వైపు ఒకటి. వంద రావాలట. నాకు పదకొండు వచ్చాయి. పక్క టేబుల్ దగ్గర ఆరేళ్ళ పిల్ల మాట్లాడుతూ మాట్లాడుతూ రెండు వందలు చేస్తోంది.

చేతులు నమ్ముకుని బతికేదాన్ని. పళ్ళ సెట్లు చేస్తాను. పై పన్ను కింది పన్నుకి వెంట్రుక మందం ఎక్కువ తగిలినా కనిపెట్టేస్తాను. డాక్టర్లు నీలం కాగితం కొరికించి, మచ్చ పడిందా లేదా అని చూస్తారు. నాకు ఆ కాగితం కూడా అక్కర్లేదు. ల్యాబ్‌లో అందరూ నన్ను 'భూతద్దం' అంటారు. ఇంట్లో కూడా అంతే. ఏదైనా వస్తువు కనబడకపోయినా, గోడకి కొట్టిన ఫొటో ఒరిగినా "అమ్మనడుగు" అంటారు. అమ్మ చూసిందంటే చూసినట్టే.

ఇలాంటి చేతులు, ఇలాంటి కళ్ళు ఉండి పదకొండు!

ఆగస్టు 13

పిల్ల బాగానే ఉంది. తింటోంది, స్కూలుకి వెళ్తోంది. ఆట గురించి ఎత్తితే మాత్రం "ఇష్టం లేదమ్మా" అంటుంది. ఎందుకూ అంటే భుజాలెగరేస్తుంది.

కొత్తగా ఒక అలవాటొచ్చింది. ప్రతిదీ రెండుసార్లు అడుగుతోంది. "నాన్నా, తలుపు గడియ పెట్టానా?" పెట్టావు. "నిజంగానా?" లేచి వెళ్ళి చూసొస్తుంది. లెక్కల హోమ్‌వర్కు అంతా సరిగ్గా చేసి, చివర్లో చెరిపేసి మళ్ళీ అదే జవాబు రాస్తోంది. నిన్న కూర నోట్లో పెట్టుకుని, "ఉప్పు సరిపోయిందా?" అని నన్ను అడిగింది. నోట్లో ఉన్నది నీకు తెలియాలి గానీ నాకెలా తెలుస్తుందే అంటే చిన్నబుచ్చుకుంది.

వయసు అంటాడు మా ఆయన. లిఫ్టులు బాగుచేసే మనిషి. ఆయన దృష్టిలో ఏదైనా మధ్యలో ఆగిందంటే కాసేపు ఉండి మళ్ళీ బటన్ నొక్కాలి. వయసేనేమో.

ఆగస్టు 14

నలభై రెండు.

ఆగస్టు 19

ఈరోజు జరిగింది రాయాలి. రాస్తే అయినా బుర్రకెక్కుతుందేమో.

ఫోర్‌హ్యాండ్ కొంచెం వచ్చింది. బంతిని కింద నుంచి కోసినట్టు కొట్టి పంపడం కూడా వచ్చింది. దాన్ని 'కట్' అంటారు. అవతలివాళ్ళు కట్ వేస్తే మనమూ కట్ వెయ్యాలి, అప్పుడు బంతి బుద్ధిగా వల దాటుతుంది. కోచ్‌తో ఆడితే దాటుతోంది. సరే, ఎవరితోనైనా ఆడి చూడండి అని ఒక పెద్దాయనతో పెట్టాడు. రిటైరైన పోస్ట్‌మాన్. అరవై ఎనిమిదేళ్ళు. హాల్లో అందరూ ఆయన్ని బాబాయి గారూ అంటారు.

ఆయన కదలడు. కాళ్ళు టేబుల్‌కి దగ్గరగా పాతేసినట్టు నిలబడతాడు. నేను కట్ వేసి పంపాను. ఆయన బ్యాటు ఊరికే అడ్డం పెట్టాడు. బంతి వచ్చింది. మళ్ళీ కట్ వేశాను. అది పైకి లేచి ట్యూబులైటు దాకా వెళ్ళింది. ఇంకోసారి వేశాను, మళ్ళీ లేచింది. సరే, తిన్నగా కొడదామని కొట్టాను, వలలో పడింది. ఇలా కొడితే అలా, అలా కొడితే ఇలా. ఆయనకి పదకొండు పాయింట్లొచ్చేసరికి నాకు ఒక్కటొచ్చింది, అదీ ఆయనకి తుమ్ము రావడం వల్ల.

టేబుల్ ఎత్తుపల్లాలుగా ఉందేమో చూడండన్నాను. కోచ్ నవ్వాపుకోలేకపోయాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఉంది కదా నా పని.

ఆగస్టు 20

బాబాయి గారి బ్యాటు ఒకవైపు నున్నగా ఉంటుంది, రెండోవైపు రబ్బరు మీద పొడుగాటి బొడిపెలుంటాయి. దువ్వెన పళ్ళలా మెత్తగా వంగుతాయి. ఆ వైపుతో ఆడితే మనం బంతికి ఇచ్చిన తిరుగుడు తలకిందులై మన దగ్గరికే వస్తుందట. కట్ వేస్తే అది పైకి ఎగిరే గుణంతో వస్తుంది. దానికి మళ్ళీ కట్ వేస్తే ట్యూబులైటు.

"ముందే చెప్పొచ్చు కదా బాబాయి గారూ!"

"ఆడే ముందు ఎదుటివాళ్ళ బ్యాటు అడిగి చూడాలి తల్లీ. అది పద్ధతి. నువ్వు అడగలేదు. నేను పద్ధతిగా పెరిగిన మనిషిని, అడక్కుండా చూపిస్తే గొప్పలకి పోయినట్టుంటుందని ఊరుకున్నా."

"మీరు అసలు కదలరేం?"

"ముప్ఫై అయిదేళ్ళు నడిచా. ఇక బంతే నా దగ్గరికి రావాలి." బ్యాటు నా చేతికిచ్చి బొడిపెలు తడిమి చూడమన్నాడు. "ఇది కొత్తగా ఏమీ చెయ్యదు తల్లీ. నువ్వు పంపించిందే తిరుగు టపాలో వస్తుంది. ఏం పంపావో నీకు గుర్తుండకపోతే, ఏం వస్తోందో నీకు తెలీదు."

ఏం పంపుతున్నానో నాకు గుర్తుండడం లేదు. నిజంగానే. కొట్టిన మరుక్షణం ఎలా కొట్టానో మరిచిపోతున్నాను.

ఆగస్టు 27

జూలై ఇరవై సంగతి ఇక్కడ సరిగ్గా రాయలేదు.

ఆఖరి గేమ్. పది - తొమ్మిది, మా పిల్లదే పై చెయ్యి. ఇంకొక్క పాయింటు వస్తే ఫైనల్. అవతల పొడుగుపిల్ల. అది కొట్టిన బంతి మా పిల్ల వైపు టేబుల్ చివరికి వచ్చి కింద పడిపోయింది. బయటికి పోయిందని అంపైర్ మా పిల్లకి పాయింటిచ్చాడు. గ్యాలరీలో చప్పట్లు. మా ఆయన లేచి నిలబడ్డాడు. అప్పుడు మా పిచ్చుక చెయ్యెత్తి అంపైర్ దగ్గరికెళ్ళి, బంతి అంచుకి తగిలిందని చెప్పింది. టేబుల్ పై అంచుకి రాసుకుంటూ పోయినా అది మంచి బంతే, పాయింటు కొట్టినవాళ్ళదే. అంపైర్ మార్చేశాడు. పది - పది. తర్వాత రెండు పాయింట్లూ పోయాయి.

మ్యాచ్ అయ్యాక మెట్లమీద నేను ఏదో అన్నాను. ఏ తల్లయినా అనేదే. నేను చూసింది చెప్పాను, అంతే.

ఆగస్టు 31

నెలాఖరు పోటీ. కళ్ళజోడు పెట్టుకున్న ఒక బ్యాంకు ఆవిడతో ఆడాను. 11-3, 11-4, 11-2. నాది చిన్న అంకె.

స్లాటు నిలిచింది. ఇంటికొచ్చి చెబితే పిచ్చుక పుస్తకంలోంచి తలెత్తకుండా, "సర్వీస్‌కి బంతి పైకెగరేశావా, చేతిలోంచే కొట్టావా?" అంది.

"ఎగరేశాను."

"జానెడు ఎగరెయ్యాలి. అరచెయ్యి తెరిచి ఉండాలి."

నలభై రోజుల్లో ఆట గురించి అది నోరు విప్పడం ఇదే మొదటిసారి. నేను ఆనందం పట్టలేక, "నువ్వొచ్చి చూపించవే" అన్నాను. తలుపు వేసుకుంది. తొందరపడ్డాను.

సెప్టెంబరు 3

నూట ఆరు! నూట ఆరు!

సెప్టెంబరు 6

నేను స్లాటు కోసమే వెళ్తున్నాను. ఈ మాట మా ఆయనకి మూడుసార్లు చెప్పాను. "ఎవరు కాదన్నారు?" అన్నాడు. "అలారం మోగకముందే లేస్తున్నావు" అని కూడా అన్నాడు.

బాబాయి గారితో నాలుగు పాయింట్లు వచ్చాయి. తుమ్ములు లేకుండా.

సెప్టెంబరు 9

కోచ్ ఇవాళ ఫోను తీసి నా ఆట వీడియో తీశాడు. నెమ్మదిగా నడిపించి చూపించాడు.

"అక్కా, కాళ్ళు ఓకే. నడుం తిరుగుతోంది. చెయ్యి కూడా ఫర్వాలేదు. ఇది చూడండి."

చూశాను. బంతి వస్తోంది. నేను వెనక్కి చెయ్యి తీశాను. బంతి ఇంకా దగ్గరికి వచ్చింది. బ్యాటుకి తగలబోయే ముందు నా కళ్ళు మూతపడ్డాయి. గట్టిగా, ముఖం ముడుచుకుని, సూది పొడిపించుకునే పిల్లలా. బంతి వెళ్ళిపోయాక తెరుచుకున్నాయి.

"ఇదొక్కసారే అయ్యుంటుంది."

ఆరు సార్లు చూపించాడు. ఆరింట్లోనూ మూతపడ్డాయి.

"అందుకే మీకు ఏం కొట్టారో గుర్తుండట్లేదు. అసలు చూస్తేగా! చాలామందికి ఉంటుందిలెండి, భయమేస్తే మూసేస్తారు. ముఖ్యమైన పాయింటుకి ఇంకా గట్టిగా." బాబాయి గారు పక్క నుంచి, "గుడ్డెద్దు చేలో పడ్డట్టు ఇంతకాలం బాగానే నెట్టుకొచ్చావు తల్లీ" అన్నాడు. అందరం నవ్వాం. నేను కూడా.

సాయంత్రం, ల్యాబ్‌లో

జూలై ఇరవై. పది - తొమ్మిది. నేను గ్యాలరీలో రెండో వరసలో. బంతి గుర్తుచేసుకోవాలని చూస్తున్నాను.

పొడుగుపిల్ల చెయ్యి ఎత్తడం గుర్తుంది. మా ఆయన చొక్కా చేతి బొత్తాం ఊడి ఉండడం గుర్తుంది. తర్వాత చప్పట్లు. తర్వాత అంపైర్ చెయ్యి. మధ్యలో బంతి లేదు.

ఉండాలి కదా.

రెండు మైనం అచ్చులు పాడుచేశాను. ఇన్నేళ్ళలో ఎప్పుడూ లేదు.

సెప్టెంబరు 10

మా ఆయన్ని అడిగాను. "మ్యాచ్‌లు చూసేటప్పుడు నేను కళ్ళు మూసుకుంటానా?"

"ఇప్పుడు తెలిసిందా? ఆఖరి పాయింటు అంటే చాలు, కళ్ళు మూసేసి నా చెయ్యి గిల్లేస్తావు. మూడేళ్ళుగా గిల్లించుకుంటున్నా." చొక్కా చెయ్యి పైకి మడిచి మోచేతి పైన చూపించాడు, అక్కడ ఏమీ లేకపోయినా.

"ఆ రోజు కూడానా?"

"ఆ రోజయితే బొత్తాం కూడా పీకేశావు."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతుంటే లేపి చెప్తామా?" నవ్వుతున్నవాడు నా ముఖం చూసి ఆపాడు. "ఏమైందే?"

ఏం లేదన్నాను. మెట్లమీద నేను పిల్లతో అన్నప్పుడు ఆయన అక్కడ లేడు, స్కూటరు తేవడానికి వెళ్ళాడు.

సెప్టెంబరు 11

మెట్లమీద ఏమన్నానో రాస్తాను.

పిల్ల చెమటతో, భుజానికి సంచీతో దిగుతోంది. ఏడవడం లేదు. నిజం చెప్పాలంటే ముఖంలో ఏదో వెలుగుంది. "అమ్మా, అది అంచుకి తగిలింది కదా" అంది. నేను అవుననాలని అడిగింది, అంతే.

నేను, "తగల్లేదు" అన్నాను. "తగల్లేదు. నేను కళ్ళారా చూశాను. చేతికొచ్చిన మ్యాచ్ వాళ్ళ చేతిలో పెట్టి వచ్చావు."

"నిజంగానా?" అంది.

"నా కళ్ళ మీద నమ్మకం లేదా నీకు?" అన్నాను.

ఇదీ నేనన్నది. అప్పుడు నేను అబద్ధం చెబుతున్నానని నాకు తెలియదు. చూశాననే అనుకున్నాను. ఇప్పటికీ ఒక్కోసారి చూసినట్టే ఉంటుంది, బంతికీ టేబుల్‌కీ మధ్య సన్నని సందు, వెంట్రుక మందం. ఆ సందు నేను రోజూ పళ్ళ మధ్య చూసే సందు.

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అంటారు. నోరు జారలేదు నాకు. గట్టిగా, తెలిసినదానిలా అన్నాను.

సెప్టెంబరు 12

రేపు చెప్తాను.

సెప్టెంబరు 13

దానికి ఇంగ్లీషు పరీక్ష.

సెప్టెంబరు 15

చెబితే ఏమవుతుంది? రేపటి నుంచి నేను ఏది చెప్పినా నమ్మదు. నాకు మిగిలిందేమిటి, ఈ రెండు కళ్ళు తప్ప? అయినా నిజంగానే తగల్లేదేమో. అప్పుడు నేను చూడకపోయినా చెప్పింది నిజమే అవుతుంది కదా. అవుతుందా?

సెప్టెంబరు 16

ఈ పూట ఇస్తున్న పళ్ళ సెట్టుని నీలం కాగితం పెట్టి చూశాను. నాకది అక్కర్లేదని రాసుకున్నాను కదా పైన.

సెప్టెంబరు 18

పొడుగుపిల్ల హాల్లో కనిపించింది. వేరే క్లబ్బు, ఏదో ఫారం ఇవ్వడానికి వచ్చిందట. దాని ఎదురుగా బంతి పట్టుకుని నిలబడ్డాను. ఎలా అడగాలో తెలియక తిన్నగా అడిగేశాను.

"ఆ రోజు సెమీఫైనల్లో ఆ బంతి అంచుకి తగిలిందా అమ్మా?"

"నాకు తెలీదాంటీ. నేను అటువైపున్నాను, అక్కణ్ణించి కనపడదు."

"నీకేమనిపించింది?"

ఆ పిల్ల వింతగా చూసింది. "తగిలిందని తనే చెప్పింది కదాంటీ. తను చెప్పిందంటే తగిలినట్టే." సంచీ సర్దుకుని వెళ్తూ, "తను ఎందుకు ఆడట్లేదు?" అని అడిగింది. తలనొప్పి అన్నాను. రెండు నెలల తలనొప్పి!

ఎవరి పిల్లో. దాన్ని ఓడించబోయి వదిలేసిన మా పిల్ల మాట నమ్మింది. నేను నమ్మలేదు.

సెప్టెంబరు 19

రేపు.

సెప్టెంబరు 21

ఆదివారం. ఆయన ఎక్కడో లిఫ్టు ఇరుక్కుందని ఫోనొస్తే వెళ్ళాడు. పిచ్చుక ముందుగదిలో యూనిఫారం ఇస్త్రీ చేసుకుంటోంది. నేను అదే గదిలో చొక్కాకి బొత్తాం కుడుతున్నాను. ఇస్త్రీ అయ్యి, స్విచ్చి ఆపి లోపలికెళ్ళింది. తిరిగొచ్చి స్విచ్చి చూసింది. వెళ్ళింది. మళ్ళీ గుమ్మం దాకా వచ్చింది.

"అమ్మా, ఇస్త్రీపెట్టె ఆపానా?"

ఆపావు, చూశాను అనబోయాను. నోటి చివరి దాకా వచ్చింది. సూదివంక చూస్తున్నదాన్ని, స్విచ్చివంక ఎప్పుడు చూశాను?

"నేను చూడలేదు" అన్నాను.

"ఇక్కడే ఉన్నావుగా."

"ఉన్నాను. చూడలేదు." అక్కడితో ఆగితే మళ్ళీ రేపు అయ్యేది. "ఆ రోజు కూడా చూడలేదు. మెట్లమీద కళ్ళారా చూశానన్నాను కదా. ఆ పాయింటుకి నేను కళ్ళు మూసుకున్నాను. చూడకుండానే చెప్పాను."

అది గుమ్మంలోనే నిలబడింది. పక్కింట్లో ఎవరో కుక్కర్ మూత కడుగుతున్న చప్పుడు. నాకు ముందు ఏడుపు రాలేదు, భయం వేసింది.

"అయితే తగిలిందా?" అంది.

"నాకు తెలీదే. చెప్పే అర్హత నాకు లేదు. చూసింది నువ్వొక్కదానివే."

"నేనేం చూశానో నాకు తెలీదు. రోజూ ఆ బంతిని చూస్తూనే ఉన్నానమ్మా. స్కూల్లో కూడా. ఒకసారి తగులుతుంది, ఒకసారి తగలదు. ముందు తగిలినట్టే ఉండేది. నువ్వు తగల్లేదన్నావని, తగలనట్టు చూడ్డం నేర్చుకున్నాను. ఇప్పుడు రెండూ వస్తున్నాయి. అంపైర్‌కి నేను అబద్ధం చెప్పానేమో అనుకున్నాను. అంతకుముందు చెప్పినవన్నీ కూడా అబద్ధాలేమో అనుకున్నాను."

"కాదు."

"నీకెలా తెలుసు?" అని అరిచింది. "నీకెలా తెలుసు! నువ్వు చూడలేదుగా!"

స్నానాలగది తలుపు వేసుకుంది. నేను బయట కూర్చున్నాను. నన్ను క్షమించు అన్నాను తలుపుతో. ఇంకేం అనాలో తెలియలేదు. ఇదంతా స్లాటు కోసం అనుకున్నాను నేను, జట్టులో పేరు కోసం. దాని కళ్ళు దాని నుంచి లాక్కున్నానని తెలియక, నెలన్నరగా టేబుల్ కాపలా కాశాను.

సెప్టెంబరు 22

మాట్లాడడం లేదు. నాతో మాత్రమే. వాళ్ళ నాన్నతో మాట్లాడుతోంది. ఆయనకి నేనే అంతా చెప్పాను. నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు. "నేను కూడా చెప్పాల్సింది, నీ కళ్ళ సంగతి" అన్నాడు.

హాలుకి వెళ్ళాలో వద్దో తెలియలేదు. వెళ్ళాను. స్లాటు స్లాటే కదా.

సెప్టెంబరు 24

గడియ ఒక్కసారే చూసుకుంది. లెక్కపెట్టాను. లెక్కపెట్టకూడదనుకుంటూనే.

సెప్టెంబరు 25

మళ్ళీ మూడుసార్లు.

సెప్టెంబరు 26

బాబాయి గారు తన బ్యాటు నాకిచ్చి, నా బ్యాటు తను తీసుకున్నాడు. బొడిపెల వైపుతో ఆడడం నాకు చేతకాలేదు. కానీ నాలుగుసార్లు, కొట్టే క్షణంలో, బంతి మీద కంపెనీ అచ్చు కనిపించింది. ఎర్ర అక్షరాలు. ఇన్నాళ్ళుగా బంతి తెల్లగా ఉంటుందనే అనుకున్నాను.

సంతోషపడాలో వద్దో తెలియలేదు. ఇప్పుడు చూసి ఏం లాభం?

సెప్టెంబరు 28

కోచ్ ఫోన్ చేశాడు. "ఎల్లుండి పేర్లు పంపించాలక్కా." తెలుసు అన్నాను. పిచ్చుక పక్కనే కూర్చుని చెవిరింగు తిప్పుకుంటోంది. విన్నది. దాన్ని అడగాలని నోరు పీకుతుంటే మంచినీళ్ళు తాగొచ్చాను. రెండు గ్లాసులు.

సెప్టెంబరు 29

అయిదున్నరకి నేను కుర్చీలో కూర్చుని షూ లేసులు కట్టుకుంటున్నాను. ఒకటి అయింది. రెండోది కాలికి ఎక్కిస్తుంటే పిచ్చుక వచ్చి ఎదురుగా నిలబడింది. ట్రాక్ ప్యాంటు, జడ బిగించి ఉంది. చేతిలో బ్యాటు. బీరువా మీది దుమ్ము తుడిచిన గుడ్డ ఇంకో చేతిలో.

"స్లాటు నాది" అంది.

"నీదే."

"నువ్వు ఇంక రానక్కర్లేదు."

నేను లేవబోయి కూర్చున్నాను. అది తన షూలు వేసుకుంది. నేను వంగి దాని లేసులు చూడబోతే, "ఉండు" అంది. కట్టుకుంది. గడియ తీసింది. తలుపు దగ్గర ఆగి, నావైపు కాకుండా బ్యాటువైపు చూస్తూ అంది.

"అది అంచుకి తగిలింది."

నన్ను అడగలేదు. 'కదా' అనలేదు. నేను చెప్పాలని ఎదురు చూడలేదు. చెప్పింది, అంతే. నేను తల ఊపాను, అది చూడలేదనుకుంటాను.

"ఇంకోటి. నా మ్యాచ్‌లకి నువ్వు రాకు."

"ఎప్పటిదాకా?" అన్నాను.

"తెలీదు."

సరే అన్నాను. మెట్లు రెండేసి చొప్పున దిగుతున్న చప్పుడు వినపడింది. గడియ చూసుకోవడానికి అది వెనక్కి వస్తుందేమో అని ఎదురుచూశాను. రాలేదు. తలుపు తెరిచే ఉంది, లేచి నేనే వేశాను.

ఆయన లేచి వచ్చేసరికి ఆరున్నర దాటింది. నేను ఇంకా ఒక కాలికి షూతోనే కూర్చుని ఉన్నాను. "పిల్లేది?" అన్నాడు. ఆడుకోవడానికి వెళ్ళిందని చెప్పి, ఆ షూ విప్పి, రెండోది కూడా విప్పబోయి, నేను వేసుకున్నది ఒక్కటేనని అప్పుడు చూసుకున్నాను.